పాత పోస్టులకు మళ్ళీ పాఠకులు రావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి తెలుగులో బ్లాగులు రాసేవాళ్ళలో చాలామంది పది, పదిహేనేళ్ళుగా రాస్తున్నవాళ్ళే. గుళ్ళు, జాతరలు, పంటలు, పథకాలు, ప్రవేశ పరీక్షలు, వంటలు... వాళ్ళు రాయని విషయం లేదు. ఆ పోస్టులు ఇప్పుడు ఎవరి కంటా పడటం లేదని, పడినా అందులోని వివరాలు పనికిరాకుండా పోయాయని అందరి బాధ. ఏం చేయాలని అడిగేవాళ్ళ ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

కొత్త పోస్టు రాయడానికే టైం దొరకడం లేదు. పాతవి పట్టుకుని కూర్చోవడం దేనికి?

మీ పాత పోస్టును నమ్మి ఎవరో ఒకరు ఇవాళ కూడా బస్సెక్కుతున్నారు కాబట్టి. ఎనిమిదేళ్ళ కింద రాసిన పేజీ అని చదివేవాళ్ళు గమనించరు. గూగుల్ చూపించింది, చదివారు, బయల్దేరారు. అందులోని వివరం తప్పయితే నష్టం వాళ్ళది.

మీ లాభం సంగతికి వస్తే, పాత పేజీకి ఇప్పటికే ఒక చిరునామా ఉంది. గూగుల్ దాన్ని ఎప్పుడో చదివి పెట్టుకుంది. ఎవరో తమ బ్లాగులోనో వాట్సాప్‌లోనో దానికి లింకు ఇచ్చి ఉంటారు. కొత్త పోస్టు ఇవన్నీ మొదటి నుంచి సంపాదించుకోవాలి. గూగుల్ ఫలితాల్లో రెండో మూడో పేజీలో మూలుగుతున్న పాత పోస్టును బాగుచేస్తే, అదే విషయం మీద కొత్తగా రాసినదానికంటే ముందుగా పైకి రావడానికి అవకాశం ఎక్కువ.

అప్పట్లో కూడలి, హారం, మాలిక లాంటి సంకలినుల (బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకచోట చూపే సైట్ల) నుంచి పాఠకులు బాగా వచ్చేవారు. ఇప్పుడు ఎందుకు రావడం లేదు?

సంకలినుల కాలంలో పోస్టు పడిన రోజే చదివేవాళ్ళు వచ్చేవారు, మూడో రోజుకు అది కిందికి జారిపోయేది. అందుకే అప్పటి శీర్షికలు కూడా తోటి బ్లాగర్లను పలకరిస్తున్నట్టు ఉండేవి. 'మా ఊరి ముచ్చట్లు - 4' అంటే అప్పట్లో రోజూ చదివేవాళ్ళకు అర్థమయ్యేది. ఇప్పుడు వచ్చేవాళ్ళు మీరెవరో తెలియకుండా, ఒక అవసరంతో, ఫోన్‌లో రెండు మాటలు కొట్టి వస్తారు. 'మా ఊరి ముచ్చట్లు - 4'లో పాకాల చెరువుకు దారి ఉందని వాళ్ళకు ఎలా తెలుస్తుంది? చాలా పాత పోస్టులకు కావలసిన మొదటి చికిత్స శీర్షికే.

ఎవరూ చదవని పోస్టుల్ని డిలీట్ చేసేస్తే పోదా?

తొందరపడకండి. చదివేవాళ్ళు లేకపోవడం వేరు, పనికిరాకపోవడం వేరు. రెండు లైన్ల శుభాకాంక్షలు, ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన వార్త, ముగిసిపోయిన నోటిఫికేషన్ లాంటివి తీసేసినా ఎవరికీ నష్టం లేదు. కానీ మీరు స్వయంగా వెళ్ళి, చూసి, అడిగి రాసింది ఏదీ తీసేయకండి. 2009లో మీ ఊరి అంగడి ఎలా ఉండేదో మీరు తప్ప మరొకరు రాసి ఉండకపోవచ్చు.

రాసిన పోస్టు పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మళ్ళీ పాతది తెచ్చుకోవచ్చా?

వర్డ్‌ప్రెస్‌లో అయితే 'రివిజన్స్' అని పాత ప్రతులు ఉంటాయి, వెనక్కి వెళ్ళొచ్చు. గూగుల్ వారి బ్లాగర్ (బ్లాగ్‌స్పాట్)లో ఆ సౌకర్యం లేదు. సేవ్ కొడితే పాతది పోయినట్టే. కాబట్టి చేయి పెట్టే ముందు పోస్టు మొత్తం కాపీ చేసి గూగుల్ డాక్‌లో పెట్టుకోండి. బ్లాగర్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ కూడా ఉంది. దాంతో పోస్టులన్నీ ఒక ఫైలుగా దిగుతాయి. ముందు ఆ పని చేసి, తర్వాతే మిగతావి.

## ఏ పోస్టు ఎంచుకోవాలి

పోస్టులు వందల్లో ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టను?

మీ బ్లాగు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరవండి. ఉచితమే. అందులో ప్రతి పేజీకి నాలుగు అంకెలు కనిపిస్తాయి: వెతుకులాటలో ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కారు, కనిపించినవాళ్ళలో నొక్కినవాళ్ళ శాతం, సగటున ఎన్నో స్థానంలో ఉంది. మీకు కావలసింది, బాగా కనిపిస్తూ ఎవరూ నొక్కని పేజీలు. సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉంటే ఇంకా మంచిది. గూగుల్ ఆ పేజీని గుర్తించింది, కానీ ముందు పెట్టేంత నమ్మకం కుదరలేదన్నమాట.

ఆ పేజీ మీద నొక్కితే జనం ఏ మాటలు కొట్టి అక్కడికి వచ్చారో లిస్టు వస్తుంది. అసలు నిధి అదే. లక్నవరం చెరువు అందాల గురించి మీరు రాసి ఉంటారు, జనం మాత్రం 'లక్నవరం రూమ్ బుకింగ్', 'లక్నవరం బస్ టైమింగ్స్' అని వెతికి ఉంటారు. మీ పోస్టులో లేనిదేమిటో వాళ్ళే చెబుతున్నారు.

మొదట ఐదు పోస్టులు చాలు. వందా ఒకేసారి ముందేసుకుంటే ఒక్కటీ పూర్తికాదు.

సెర్చ్ కన్సోల్ ఇంగ్లిష్‌లో గందరగోళంగా ఉంది. అది లేకుండా కుదరదా?

కుదురుతుంది. ఫోన్‌లో ప్రైవేట్ విండో తెరిచి, మీ పోస్టు విషయాన్ని మామూలు మనిషిలా వెతికి చూడండి. మొదటి పేజీలో ఏం వస్తున్నాయో, వాటిలో ఉండి మీదాంట్లో లేనిదేమిటో రాసుకోండి. గూగుల్ పేజీలో వచ్చే 'పీపుల్ ఆల్సో ఆస్క్' ప్రశ్నలూ చూడండి. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఫోన్ ఇచ్చి 'రామప్పకు ఎలా వెళ్ళాలో వెతుకు' అనండి. వాళ్ళు ఏం కొడతారో పక్కనుండి చూస్తే చాలా అర్థమవుతుంది. పది సందర్భాల్లో ఎనిమిదిసార్లు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారని నా అంచనా.

కవితలు, అనుభవాలు, యాత్రల ముచ్చట్లు కూడా మార్చాలా?

వద్దు. 2012లో మేడారం వెళ్ళిన అనుభవం 2012దే. అందులో బెల్లం ధర, బస్సు రద్దీ, మీతో వచ్చిన నాయనమ్మ మాటలు అన్నీ అలాగే ఉండాలి. దాన్ని 'అప్‌డేట్' చేయడమంటే చెరిపేయడమే. కావాలంటే పైన ఒక్క లైను పెట్టండి: 'ఇది 2012 జాతర అనుభవం. ఇప్పుడు వెళ్ళేవాళ్ళకు కావలసిన వివరాలు ఈ పేజీలో ఉన్నాయి.' లింకు ఇచ్చి వదిలేయండి. అక్షర దోషాలుంటే దిద్దండి, అంతకుమించి వద్దు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలు రోజూ రాసేవాణ్ణి. అవి ఇప్పుడు దేనికి పనికొస్తాయి?

రోజువారీ ధర పోస్టు ఆ రోజుకే. దాన్ని ఏం చేసినా బతకదు. అయితే ఆ పోస్టుల వెనక మీకున్న అనుభవం మాత్రం రైతుకు ఏటా కావాలి. తేజ, వండర్ హాట్, దేశీ రకాలకు ధరలో అంత తేడా ఎందుకు? తేమ ఎక్కువుంటే ఎంత తెగ్గోస్తారు? తాలు కాయ వేరు చేసి తెస్తే లాభమేనా? సరుకు పోటెత్తే జనవరి నుంచి ఏప్రిల్ మధ్య ఏ వారాల్లో అమ్మితే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబుగా ఒక్క మంచి పోస్టు రాసి, మీరు రాసిపెట్టుకున్న పాత ధరలను ఏడాదివారీ పట్టికగా అందులో చేర్చండి. పదేళ్ళ ధరలు ఒకచోట పెట్టినవాళ్ళు తెలుగులో అరుదు. 2025లో వరంగల్ చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ రకం గురించి వెతికేవాళ్ళు కూడా ఉంటారు. చపాట మీద మీ దగ్గర పాత పోస్టు ఉంటే ముందు దాన్నే తీయండి.

## తిరగరాసేటప్పుడు

మన ప్రాంతం గురించి రాసిన పోస్టుల్లో ఏమేం పాతబడి ఉంటాయి?

అన్నిటికంటే ముందు జిల్లా పేరు. 2014 జూన్ 2కు ముందు రాసినవాటిలో రాష్ట్రం పేరే వేరు. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. అంటే 2018లో మీరు 'వరంగల్ రూరల్ జిల్లా' అని సరిగ్గానే రాసినా, ఇప్పుడు ఆ పేరుతో జిల్లా లేదు.

రామప్ప గుడినే చూడండి. పాలంపేట కదల్లేదు. కానీ పాత పోస్టులో అది వరంగల్ జిల్లా, 2017 పోస్టులో జయశంకర్ భూపాలపల్లి జిల్లా, ఇప్పుడు ములుగు జిల్లా. ఇంకో చిక్కు ఉంది. రామప్ప ఉన్నది వెంకటాపూర్ మండలం. గోదావరి అవతల, ఒకప్పటి ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన నూగూరు వెంకటాపురం కూడా ఇప్పుడు ములుగు జిల్లాలోనే ఉంది. మీ పోస్టులో 'ములుగు జిల్లా వెంకటాపురం' అని ఉంటే, మ్యాప్‌లో ఆ పేరు కొట్టినవాళ్ళు గుడికి చాలా దూరంగా, నది అవతల తేలతారు. ఒక్క అక్షరం తేడా, దిద్దడానికి అర నిమిషం పట్టదు.

ఇలాగే చేర్యాల నకాషీ బొమ్మల ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లా, పెంబర్తి జనగామ జిల్లా, వేములవాడ రాజన్న సిరిసిల్ల జిల్లా, కొండగట్టు, ధర్మపురి జగిత్యాల జిల్లా, కాళేశ్వరం జయశంకర్ భూపాలపల్లి జిల్లా, బాసర నిర్మల్ జిల్లా, బొగత జలపాతం ములుగు జిల్లా.

తర్వాత సంస్థల పేర్లు. 2024లో రాష్ట్ర సంక్షిప్త నామం టీఎస్ నుంచి టీజీకి మారింది. బండి నంబర్లు, ఆర్టీసీ, పబ్లిక్ సర్వీస్ కమిషన్ అన్నీ ఆ దారి పట్టాయి. ఎంసెట్ 2024 నుంచి ఈఏపీసెట్. భూముల పోర్టల్ 2020 అక్టోబర్ నుంచి ధరణి, 2025 ఏప్రిల్ 14 నుంచి భూ భారతి. ఆ తర్వాత టికెట్ ధరలు, బస్సు వేళలు, ఫోన్ నంబర్లు, వెబ్‌సైట్ చిరునామాలు. ఇవి ఎవరో చెప్పింది విని రాయకండి. ఫోన్ చేసి అడిగో, స్వయంగా వెళ్ళి చూసో రాయండి.

పాత పేర్లు పూర్తిగా తీసేయాలా? జనం ఇంకా హన్మకొండ అనే వెతుకుతున్నారు కదా.

తీసేయొద్దు. ఇప్పటి పేరు ముందు పెట్టి, పాత పేరు ఒక్కసారి వాక్యంలో కలిసేలా రాయండి. 'హనుమకొండ జిల్లా 2021 దాకా వరంగల్ అర్బన్ జిల్లాగా ఉండేది' అంటే చదివేవాళ్ళకూ తెలుస్తుంది, పాత పేరుతో వెతికేవాళ్ళకూ దొరుకుతుంది. ఎంసెట్, ధరణి లాంటివైతే ఇంకా చాలా ఏళ్ళు జనం నోట్లో ఉంటాయి. కానీ పేజీ అడుగున పది రకాల స్పెల్లింగులు వరసగా పేర్చడం మాత్రం చేయకండి. చూడటానికి బాగుండదు, గూగుల్ కూడా దాన్ని స్పామ్ కిందే లెక్కేస్తుంది.

చరిత్ర పోస్టుల్లో మార్చడానికి ఏముంటుంది? కాకతీయుల కాలం మారదు కదా.

1163లో వేయిస్తంభాల గుడి, 1213లో రామప్ప గుడి, ఈ సంవత్సరాలు మారవు. ఆ కట్టడాల కథ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. 2021 జులైలో రామప్పను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మీ పోస్టులో 'యునెస్కో గుర్తింపు కోసం ఎదురుచూస్తోంది' అని ఉంటే అక్కడే పాఠకుడికి మిగతా పోస్టు మీద కూడా నమ్మకం పోతుంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం చాలా ఏళ్ళు విప్పిన రాళ్ళ వరసలుగా ఉండి, 2024 మార్చిలో మళ్ళీ తెరుచుకుంది. 'మండపం పనులు జరుగుతున్నాయి, చూడటానికి వీల్లేదు' అనే పాత వాక్యాన్ని దిద్దాలి.

ఇంకొకటి. అప్పట్లో మనం విన్నవన్నీ చరిత్రగానే రాసేశాం. ఇప్పుడు తిరగరాసేటప్పుడు శాసనంలో ఉన్నదేమిటి, ఊళ్ళో చెప్పుకునేదేమిటి అని రెండూ విడగొట్టండి. రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించాడన్నది శాసనం చెప్పే మాట. గుడికి శిల్పి పేరు వచ్చిందన్నది జనం చెప్పుకునే మాట. రెండూ ఉండొచ్చు, ఏది ఏదో చెప్పాలి.

మొత్తం తిరగరాయాలా, అక్కడక్కడా దిద్దితే చాలా?

నాలుగింట మూడొంతులు బాగుంటే దిద్దండి. సగం పైన తప్పయితే ఆ లింకులోనే కొత్తగా రాయండి. ఏది చేసినా మొదటి పేరా మాత్రం తప్పకుండా మార్చాలి. మనకు ఉపోద్ఘాతం అలవాటు. లక్నవరం మీద ఇలాంటి పాత మొదలు చూడండి:

'ప్రకృతి ఒడిలో సేదతీరాలని ఎవరికుండదు? చుట్టూ పచ్చని కొండలు, మధ్యలో నీలాల సరస్సు, ఆ సోయగం వర్ణించ తరమా!'

ఇంత చదివినా చెరువు ఎక్కడుందో తెలియదు. దాని బదులు:

'లక్నవరం చెరువు ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో ఉంది. హనుమకొండ నుంచి ములుగు మీదుగా వెళ్ళాలి. చెరువులో దీవులు, వాటిని కలిపే వేలాడే వంతెనలు చూడాలంటే వర్షాకాలం చివర, నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు వెళ్ళండి. ఎండాకాలంలో వెళ్తే నీళ్ళు తగ్గి ఉంటాయి.'

వర్ణన మీకు ఇష్టమైతే తర్వాత పెట్టుకోండి. దారి తెలిశాక వర్ణన చదవడానికి పాఠకుడికి ఓపిక ఉంటుంది.

రైతుబంధు మీద రాసిన పోస్టును రైతు భరోసాగా మార్చేయొచ్చా?

వద్దు. అవి రెండు పథకాలు. రైతుబంధు 2018లో ఎకరాకు సీజన్‌కు 4,000 రూపాయలతో మొదలై తర్వాత 5,000 అయింది. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసాలో ఎకరాకు సీజన్‌కు 6,000. పాత పోస్టులో పేరు మార్చి అంకె మార్చితే, రైతుబంధు ఎలా నడిచిందో తెలుసుకోవాలని వచ్చేవాళ్ళకు ఏమీ మిగలదు. కొత్తదానికి కొత్త పోస్టు రాసి, పాతదాని పైన పెద్ద అక్షరాల్లో దాని లింకు ఇవ్వండి.

అదే ఆరోగ్యశ్రీ అయితే పథకం ఒకటే, ఉచిత వైద్యం ఖర్చు పరిమితి మారింది. 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. అలాంటప్పుడు ఉన్న పోస్టులోనే అంకె దిద్ది, ఎప్పటి నుంచో రాయండి. పథకాల పోస్టులు ఆసుపత్రి వరండాలో నిలబడి చదువుతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ముందు ఉన్న మనిషికి మీ పాత అంకె చేటు చేస్తుంది. అందుకే ఈ రకం పోస్టుల్ని మిగతావాటికంటే ముందు దిద్దాలని నేను గట్టిగా చెబుతాను.

అప్పట్లో అను ఫాంట్‌లో టైప్ చేసినవి, పేపర్ స్కాన్‌లు పెట్టినవి ఉన్నాయి. వాటిని ఏం చేయాలి?

ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి, వేరే దారి లేదు. అను లాంటి పాత ఫాంట్లలోని అక్షరాలు మనకు తెలుగులా కనిపించినా కంప్యూటర్‌కు అవి తెలుగు కావు, ఫోన్‌లో పిచ్చి గుర్తులుగా వస్తాయి. ఆన్‌లైన్‌లో కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక మాత్రం ప్రతి లైనూ చదవండి. వత్తులు, క్రావడి తారుమారు కావడం మామూలే. స్కాన్ చేసిన బొమ్మలైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు విడిగా వస్తాయి. అచ్చు శుభ్రంగా ఉంటే తెలుగు బాగానే వస్తుంది. స్కాన్ బొమ్మను తీసేయకుండా కిందే ఉంచండి.

ఫోటోలు చాలావాటికి ఖాళీ డబ్బాలే కనిపిస్తున్నాయి.

వేరే సైట్ల నుంచి లింకుగా తెచ్చి పెట్టినవి, మూతపడిన సర్వీసుల్లో దాచినవి అలా పోతాయి. ముందు మీ పాత హార్డ్ డిస్కులు, మెమరీ కార్డులు వెతకండి. దొరక్కపోతే, పాత వెబ్ పేజీల ప్రతులు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో మీ పోస్టు లింకు వేసి చూడండి, కొన్ని అక్కడ బతికే ఉంటాయి. పాత ఫోటో దొరికితే దాని పక్కనే ఇప్పుడు తీసిన ఫోటో పెట్టండి. ఖిలా వరంగల్ తోరణాల దగ్గర 2008లో తీసినది, ఇప్పుడు తీసినది పక్కపక్కన ఉంటే జనం ఆగి చూస్తారు. ఎక్కించే ముందు సైజు తగ్గించండి. ఫోన్ కెమెరా ఫోటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే తాడ్వాయి అడవి దారిలో అది తెరుచుకోదు. 'ఆల్ట్ టెక్స్ట్' అనే గడిలో ఫోటోలో ఏముందో తెలుగులో ఒక్క వాక్యం రాయండి. చూపు లేనివాళ్ళ ఫోన్ దాన్నే చదివి వినిపిస్తుంది.

చాట్‌జీపీటీ లాంటివాటికి ఇచ్చి తిరగరాయిస్తే పని తొందరగా అవుతుంది కదా?

అక్షర దోషాలు పట్టడానికి, పొడుగు వాక్యాలు విడగొట్టడానికి వాడుకోండి. వివరాలు మాత్రం దాన్ని నమ్మి పెట్టకండి. ములుగు నుంచి మేడారం చివరి బస్సు ఎన్నింటికో దానికి తెలియకపోయినా తెలిసినట్టే చెబుతుంది. భాష కూడా ఇంగ్లిష్‌ను తెలుగు అక్షరాల్లో రాసినట్టు వస్తుంది. మీ బ్లాగుకు వచ్చేవాళ్ళు మీ మాట కోసం వస్తారు. విలువ లేని పేజీల్ని కుప్పలుగా తయారుచేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ నిబంధనల్లోనే చేర్చింది, ఎవరు రాశారన్నదానితో దానికి పని లేదు.

## లింకు, శీర్షిక, తేదీ

ఏమీ మార్చకుండా తేదీ మాత్రం ఇవాళ్టిది పెడితే పైకి వస్తుందా?

రాదు. అలా చేయొద్దని గూగుల్ స్వయంగా చెబుతోంది. ఒకవేళ వచ్చినా, కొత్త తేదీ చూసి నమ్మి చదివిన మనిషికి లోపల 2013 ధర కనిపిస్తే మళ్ళీ మీ దగ్గరికి రాడు. నిజంగా మార్చినప్పుడు రెండు తేదీలూ పెట్టండి: మొదట రాసింది ఎప్పుడు, వివరాలు సరిచూసింది ఎప్పుడు. ఏం మార్చారో కూడా ఒక లైను ఉంటే మరీ మంచిది.

నా లింకు చివర 'బ్లాగ్-పోస్ట్_14' అని ఉంటుంది. మంచి పేరుగా మార్చుకోవచ్చా?

తెలుగు బ్లాగర్లందరికీ ఉన్న ఇబ్బందే ఇది. బ్లాగర్‌లో శీర్షిక తెలుగులో ఉంటే లింకులోకి అది రాదు, బదులుగా 'బ్లాగ్-పోస్ట్' అని ఒక అంకె తగిలిస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో అయితే తెలుగు శీర్షిక లింకులోకి వస్తుంది కానీ, కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తులు, అంకెలతో బారెడు అవుతుంది. పైగా లింకుకు 200 అక్షరాల పరిమితి ఉంది, ఒక్కో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ తొమ్మిదేసి పోతాయి. అందుకే శీర్షిక సగంలో తెగిపోతుంది.

కొత్త పోస్టులకు ముందే చిన్నగా ఇంగ్లిష్ అక్షరాల్లో లింకు పెట్టుకోండి. పాతవాటిని మాత్రం ముట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ పాత లింకు ఎవరి దగ్గరో దాచి ఉంటుంది. మార్చక తప్పదంటే పాతదాన్నుంచి కొత్తదానికి శాశ్వత దారిమళ్ళింపు పెట్టండి. 301 రీడైరెక్ట్ అంటారు. బ్లాగర్ సెట్టింగ్స్‌లో 'కస్టమ్ రీడైరెక్ట్స్' దగ్గర ఉంటుంది, 'పర్మనెంట్' అన్నది ఆన్ చేయడం మరవకండి.

మేడారం మీద 2014, 2016, 2018, 2020... ప్రతి జాతరకూ ఒక పోస్టు ఉంది. అన్నీ ఉంచాలా?

తేదీలు, దారి, బస్సులు, పార్కింగ్ ఇవే మళ్ళీ మళ్ళీ రాసినవైతే ఒక్కటి చేయండి. ఒకే విషయం మీద ఆరు పేజీలుంటే గూగుల్ ఏది చూపించాలో తేల్చుకోలేక ఒక్కోసారి 2016ది చూపిస్తుంది. ఎక్కువమంది చదివిన పేజీని ఎంచుకుని, మిగతావాటిలోని మంచి సమాచారం దాంట్లోకి తెచ్చి, ఆ లింకులన్నీ దీనికి మళ్ళించండి. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి వేళ జాతర కాబట్టి ఈ పేజీకి శాశ్వతంగా పని ఉంటుంది. తేదీ మాత్రం ప్రతిసారీ మారుతుంది: 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24, 2026లో జనవరి 28 నుంచి 31. లింకులో సంవత్సరం లేకుండా చూసుకోండి, శీర్షికలో సంవత్సరం ప్రతి జాతరకూ మార్చుకోండి. ఫలానా ఏటి జాతర ముచ్చట్లు, ఫోటోలు ఉన్న పోస్టులు మాత్రం విడిగానే ఉండనివ్వండి.

శీర్షిక తెలుగులో పెట్టాలా, ఇంగ్లిష్‌లోనా?

తెలుగులోనే. చదివేది తెలుగువాళ్ళే కదా. ఊరి పేరు, విషయం రెండూ మొదటి నాలుగైదు మాటల్లో ఉండాలి, ఫోన్ తెర మీద అంతే కనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికేవాళ్ళ కోసం లింకు, ఫోటో ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచితే సరిపోతుంది.

## మళ్ళీ పబ్లిష్ చేశాక

మార్చిన సంగతి గూగుల్‌కు ఎలా తెలుస్తుంది? ఎన్ని రోజులు ఆగాలి?

సెర్చ్ కన్సోల్ పైనున్న గడిలో మీ లింకు పెట్టి, 'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' నొక్కండి. ఒక్కసారి చాలు, రోజూ నొక్కితే తొందరగా రాదు. మళ్ళీ చదవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు. స్థానం మారడం ఇంకాస్త ఆలస్యం. మీ బ్లాగులోనే బాగా చదివే మరో రెండు మూడు పోస్టుల నుంచి దీనికి లింకు ఇవ్వండి, అది నిజంగా పనిచేస్తుంది.

మార్చాక చదివేవాళ్ళు ఇంకా తగ్గిపోయారు. పాడుచేసుకున్నానా?

మొదటి వారం పదిరోజులు పైకీ కిందికీ ఊగడం సహజం. అప్పుడే మళ్ళీ మార్చకండి. పోల్చేటప్పుడు గత నెలతో కాకుండా పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చండి. బొగత జలపాతం పోస్టుకు జులై, ఆగస్టుల్లో వచ్చేంత మంది మార్చిలో రమ్మన్నా రారు. ఈఏపీసెట్ పోస్టుకు వేసవే సీజన్. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలే చూపిస్తుంది కాబట్టి అప్పుడప్పుడు దింపి దాచుకోండి. రెండు మూడు నెలలు గడిచినా కోలుకోకపోతే, ముందు జనం ఏ మాటలతో వచ్చేవారో ఆ మాటలు మీరు తిరగరాతలో తీసేశారేమో చూడండి. చాలాసార్లు జరిగేది అదే.

వాట్సాప్ గ్రూపుల్లో పాత పోస్టే మళ్ళీ పెడితే ఏమనుకుంటారో?

ఏం మారిందో చెప్పి పెట్టండి. 'రామప్ప పోస్టు అప్‌డేట్ చేశాను, చదవండి' అంటే ఎవరూ నొక్కరు. 'హనుమకొండ నుంచి రామప్పకు ఇప్పుడు ఎలా వెళ్ళాలి, బస్సు ఎక్కడ దిగాలి, మళ్ళీ రాసి పెట్టాను' అంటే వెళ్ళాలనుకునేవాళ్ళు దాచుకుంటారు. ఫేస్‌బుక్‌లో కూడా పెడుతుంటే, అక్కడ లింకు కింద పాత ఫోటోనే వస్తుంటే ఫేస్‌బుక్ వారి షేరింగ్ డీబగ్గర్‌లో లింకు వేసి 'స్క్రేప్ ఎగైన్' నొక్కండి, ఫేస్‌బుక్‌లో కొత్తది వస్తుంది.

దీంతో యాడ్స్ డబ్బులు పెరుగుతాయా?

తెలుగు పేజీలకు గూగుల్ ప్రకటనల సర్వీసు యాడ్‌సెన్స్ 2018 నుంచి ఉంది. చదివేవాళ్ళు పెరిగితే కొంత పెరుగుతుంది. దాని మీదే ఆశ పెట్టుకుని ఈ పనికి దిగొద్దు. పేరాకొక యాడ్ పెడితే మొదటి పేరాలోనే జనం వెళ్ళిపోతారు.

ఒకసారి దిద్దాక మళ్ళీ ఎప్పుడు చూడాలి?

పోస్టును బట్టి. పథకాలు, పరీక్షలు ప్రతి నోటిఫికేషన్‌కూ చూడాలి. దారి, టికెట్లు, వేళలు ఉన్నవి సీజన్ మొదలయ్యే ముందు చూడాలి. మేడారం పేజీని జాతరకు మూడు నెలల ముందు తీయండి, జనం అప్పటి నుంచే వెతుకుతారు. చరిత్ర పోస్టులు ఏడాదికోసారి. వంటలు, కథలు ఊరికే వదిలేయొచ్చు. ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఇక బ్లాగు నడపలేను. ఆరోగ్యం, ఉద్యోగం, ఏదో ఒకటి. అయినా చదివేవాళ్ళు వస్తూనే ఉన్నారు. వాళ్ళకోసం కనీసం ఏం చేయాలి?

మూడు పనులు చేయండి. ప్రమాదం చేసే పోస్టుల మీద, అంటే పథకాలు, వైద్యం, భూముల రిజిస్ట్రేషన్, పురుగుమందుల మోతాదుల మీద, 'ఈ వివరాలు ఫలానా ఏడాదివి, ఇప్పుడు వర్తించకపోవచ్చు' అని పైనే రాయండి. ముఖ్యమైన పేజీల లింకులు వేబ్యాక్ మెషీన్‌లో 'సేవ్ పేజ్ నౌ' దగ్గర వేసి భద్రపరచండి. బ్లాగర్ అయితే మీరు నమ్మే ఒకరిని అడ్మిన్‌గా చేర్చండి, వర్డ్‌ప్రెస్‌లో సొంత డొమైన్ అయితే దాని రెన్యూవల్ ఎవరు కట్టాలో ఇంట్లో చెప్పి పెట్టండి. డొమైన్ గడువు దాటితే వేరెవరో కొనేసి మీ పేరు మీద ఏవేవో పెట్టే అవకాశం ఉంది. మీరు పెట్టుకున్న ఈమెయిల్, పాస్‌వర్డ్ కూడా కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకు ఇవ్వండి.